కడగని బూట్లు

గోనెసంచి పట్టుకుని నర్సరీ గేటు దాకా వచ్చానని కిందటి భాగంలో చెప్పి ఆపాను. సంచిలో ఏముందో వరసగా చదువుతున్నవారికి తెలుసు. మిగిలినవారి కోసం క్లుప్తంగా చెబుతాను. ఈ మధ్య ఏదైనా క్లుప్తంగానే చెప్పగలుగుతున్నాను.

మా ఆయన టమాటాలు పండించేవారు. నాలుగు గ్రీన్‌హౌసులు. మేం షెడ్లనే అంటాం. నాలుగో షెడ్డులో ఉన్నది పదకొండేళ్ళు మంచి కాయ ఏరి, గింజ దాచి, మళ్ళీ నాటి ఆయన నిలబెట్టిన రకం. కాయ బడిగంట ఆకారంలో ఉంటుందని దానికి బడిగంట అని నేనే పేరు పెట్టాను. ఆ గింజ ఇంకెక్కడా లేదు.

నాలుగు నెలల కిందట ఒక మధ్యాహ్నం ఆయన మూడో షెడ్డులో రెండు వరసల మధ్య పడిపోయి కనిపించారు. గుండె ఆగిపోయిందన్నారు. నెల తిరక్కముందే అదే షెడ్డులో ఆకుమాడు తెగులు మొదలైంది. కింది ఆకుల మీద గోధుమరంగు మచ్చలు, మచ్చలో మచ్చ, కోసిన చెట్టు మొద్దులో వలయాల్లా. తర్వాత రెండో షెడ్డుకి పాకింది. ఆ తర్వాత ఒకటో షెడ్డుకి. మట్టి పరీక్ష చేసినావిడ, "ఇది నేలలోంచే లేస్తోంది. బయటి మట్టి ఎవరి కాళ్ళతోనో వచ్చింది" అని చెప్పింది.

ఆ కాళ్ళు ఎవరివో నాకు తెలుసనుకున్నాను. దారికి అవతల నర్సరీలో నారు పెంచి అమ్మే ఆసామి రెండేళ్ళ కిందట బడిగంట గింజ అడిగాడు. మా ఆయన ఇవ్వనన్నారు. మాటా మాటా పెరిగింది. అప్పటిదాకా అన్నయ్యా తమ్ముడూ అని పిలుచుకున్నవాళ్ళు ఒకరి గడప ఒకరు తొక్కడం మానేశారు. ఆయన పోయిన రోజు మాత్రం అతను వచ్చాడు. షెడ్డు గుమ్మంలో మందునీళ్ళ తొట్టి ఉంటుంది. ఎవరైనా అందులో కాళ్ళు ముంచే లోపలికి రావాలి. అతను దాన్ని దాటుకుని లోపలికి వచ్చాడు. తొట్టిలో నీళ్ళు కదల్లేదు. ఆ రోజు నేను చూసినవాటిలో గుర్తున్నవి చాలా తక్కువ. కదలని ఆ నీళ్ళు గుర్తున్నాయి.

అందుకే, బడికి సెలవున్న ఆ ఉదయం, మూడో షెడ్డులో మాడిన మొక్కల్ని వేళ్ళతో సహా పీకి, మట్టి దులపకుండా సంచిలోకి కుక్కుతున్నాను. దారాల పిన్ని వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

ఆమె మాకు చుట్టమేమీ కాదు. తొమ్మిదేళ్ళుగా మా షెడ్లలో మొక్కలకి దారాలు కడుతోంది, అందుకే ఆ పేరు. పైనున్న తీగ నుంచి దారం వేలాడదీసి, టమాటా మొక్కని దాని వెంట పైకి పాకించాలి. కాండం లావెక్కడానికి చోటు వదలాలి, అలాగని జారనివ్వకూడదు. పిన్నిది ఎడమచేతి వాటం. ఆమె వేసే ముడి రెండు మెలికలు తిరిగి, కొస మళ్ళీ వెనక్కి వచ్చి ముడి కడుపులోనే దూరుతుంది. మా ఆయన నేర్చుకుందామని ఎన్నిసార్లు ప్రయత్నించారో.

"పిన్నీ, నీ ముడి నీతోనే పోయేట్టుంది" అనేవారు.

"పోనీ నాయనా. నేను పోయాకైనా నా విలువ మీకు తెలియాలిగా" అనేది.

ముందు పోయింది ఆయన.

"ఎక్కడికమ్మాయ్ ఆ సంచి?" అంది పిన్ని.

"నర్సరీకి."

"కాల్చాల్సిన చెత్త అక్కడికెందుకు?"

"నారు మీద నీళ్ళు చల్లే గొట్టాలకి వెనకాల ఒక ట్యాంకు ఉంది. అందులో వేస్తాను. ఒక్క పూట చాలు. ప్రతి ఆకూ తడుస్తుంది."

ఆమె నవ్వింది. "పగబట్టిన పాముకైనా కోరలుండాలి కదమ్మాయ్. నీ దగ్గర చాక్‌పీసు ముక్క తప్ప ఏముంది?"

"సంచి ఉంది."

నవ్వు ఆగిపోయింది. దగ్గరికొచ్చి నా మోచేయి పట్టుకుంది. "వద్దు. వాడి జోలికి పోకు. బురదలో రాయి వేస్తే మన మొహానే చిందుతుంది. ఆ నర్సరీ గేటు నువ్వు దాటకు, నా మాట విను."

నా మీద బెంగతో అంటోందనుకున్నాను. "నువ్వు నాలుగో షెడ్డుకి నీళ్ళు పెట్టు పిన్నీ" అన్నాను. "రంగు తిరిగిన కాయ ఒక్కటి కూడా కోయకు. గింజ ముదరాలంటే ఇంకో పది రోజులు చెట్టు మీదే ఉండాలి."

"నాకు చెబుతున్నావా?" అంటూ మెడలో తాడుకున్న తాళంచెవి తడుముకుంది.

ఆ తాళంచెవి నేనే ఇచ్చాను. ఆయన పోయినప్పటినుంచి నాలుగో షెడ్డులో నేను అడుగుపెట్టలేదు. ఆ బడిగంటల మధ్య నిలబడగలననిపించలేదు. మూడు షెడ్లు మాడిపోయాక మిగిలింది అదొక్కటే. అది కూడా పోతే ఆయన పదకొండేళ్ళ పని భూమి మీద ఎక్కడా ఉండదు. ఇదంతా తెలిసే దాన్ని పిన్ని చేతుల్లో పెట్టాను.

నర్సరీ గేటు తీసే ఉంది. లోపల సిమెంటు దారి అద్దంలా కడిగి ఉంది. ఆ దారి మీద నా బూట్లు చప్పుడు చేశాయి. నా బూట్లు అన్నాను, అవి ఆయనవి. నల్ల రబ్బరు బూట్లు. పాతవి చిరిగిపోతే, ఆయన పోవడానికి పదకొండు రోజుల ముందు నేనే కొని తెచ్చాను. నాకు రెండు సైజులు పెద్దవి. వేళ్ళ దగ్గర పాత జవాబు కాగితాలు ఉండచుట్టి కుక్కుకుంటాను.

దారి చివర పెద్ద షెడ్డు. తలుపు జాలీలోంచి వరసలు వరసలుగా బల్లలు, బల్లల మీద నారు ట్రేలు కనిపిస్తున్నాయి. ఒక్కో గుంటలో ఒక్కో మొక్క, ఒకే ఎత్తులో, అసెంబ్లీలో నిలబడ్డ ఒకటో తరగతి పిల్లల్లా. షెడ్డు వెనక ట్యాంకు ఉంది. దానికి ఇనప నిచ్చెన ఆనించి ఉంది. మూత సగం జరిపి ఉంది. నిచ్చెనకి ఎన్ని మెట్లున్నాయో లెక్కపెట్టాను. ఏడు.

"వదినా! మీరేనా?"

ఆసామి ట్రేల మధ్యనుంచి బయటికి వచ్చాడు. చేతులు తువ్వాలుకి తుడుచుకుంటున్నాడు. సన్నగా ఉంటాడు. కళ్ళజోడు దారంతో మెడలో వేలాడుతుంటుంది. "అన్నయ్య పోయాక మళ్ళీ మీ మొహం చూడటం ఇదే. కూర్చోండి, టీ చెబుతాను."

"టీ కోసం రాలేదు."

"తెలుస్తూనే ఉంది. టీకి వచ్చేవాళ్ళు గోనెసంచి తెచ్చుకోరు."

నేను షెడ్డు వైపు నడిచాను. అతను నాకంటే ముందు వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. గొంతు పెంచలేదు. "లోపలికి రావాలంటే బూట్లు ముంచాలి వదినా. తొట్టి ఇదిగో."

"ముంచను."

"ఇది మర్యాదకి సంబంధించింది కాదు, పద్ధతి. మా అమ్మాయి వచ్చినా ముంచాల్సిందే."

"పద్ధతులు మీరు నాకు చెప్పకండి. ఆయన పడిపోయిన రోజు మా మూడో షెడ్డులోకి వచ్చారు. అప్పుడు ముంచారా?"

ఆ మాట నాలుగు నెలలుగా నా నోట్లో నానుతోంది. అనేశాక కాస్త తేలికపడతాననుకున్నాను. అతను కంగారుపడతాడనీ అనుకున్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవాలి కదా.

అతను తడుముకోలేదు. "ముంచలేదు" అన్నాడు. "విప్పేశాను. మీ తొట్టి పక్కన బూట్లు విప్పి, వట్టి కాళ్ళతో లోపలికి వచ్చాను. అన్నయ్య అక్కడ పడి ఉంటే ఒక్కో కాలూ ముంచుతూ నిలబడలేకపోయాను. బూట్లతో లోపలికి రావడానికి మనసొప్పలేదు. మీరు నా కాళ్ళు చూశారా, తొట్టి చూశారా?"

"తొట్టి."

"నీళ్ళు కదల్లేదు, అంతేనా?"

"కదల్లేదు."

"ఎందుకు కదులుతాయి వదినా? నేను దాటుకునే వచ్చాను. కావాలంటే ఆ రోజు అక్కడున్న ఎవరినైనా అడగండి. నా బూట్లు మీ గుమ్మం బయట సాయంత్రం దాకా ఉన్నాయి."

గుమ్మం బయట ఒక జత బూట్లుండటం నాకూ గుర్తొచ్చింది. ఎవరివో అని ఎవరో అడిగారు కూడా. పిల్లలు తప్పు లెక్క చేసినప్పుడు నేను చివరి జవాబు చూడను, ఎక్కడ తప్పారో ఆ మెట్టు చూస్తాను. నా లెక్క మొదటి మెట్టులోనే తప్పింది. అయినా నేను సంచి కింద పెట్టలేదు.

అతను మాత్రం నా మొహం చూడటం మానేసి కింద చూస్తున్నాడు.

"ఇవి అన్నయ్య బూట్లు కదా?"

"అవును."

"ఎప్పటినుంచి వేసుకుంటున్నారు?"

"ఆయన పోయిన రెండో వారం నుంచి."

"ఈ మట్టి?"

"ఆయనది" అన్నాను.

నిజంగానే అది ఆయన మట్టి. బతికున్న రోజుల్లో ఆయన బూట్ల మీద మట్టి ఉండగా నేను చూడలేదు. షెడ్డు మారిన ప్రతిసారీ ముంచేవారు, ఇంటికొచ్చే ముందు కడిగేవారు. ఆ మధ్యాహ్నం ఆయన కాళ్ళ నుంచి తీసి ఎవరో పంపుగది మూల పెట్టిన బూట్లకి మాత్రం బురద ఎండిపోయి ఉంది. ఆయన చివరి నడక దాని మీద ఉందనుకున్నాను. దాన్ని నీళ్ళలో కలపడానికి చేతులు రాలేదు. పనివాళ్ళందరూ ప్రతి గుమ్మంలోనూ కాళ్ళు ముంచుతారు, పిన్ని కూడా. నేను మాత్రం దాటుకుని వెళ్ళేదాన్ని. యజమానురాలిని. నన్ను ఆపేదెవరు?

"తెగులు ముందు ఏ షెడ్డులో వచ్చింది?" అన్నాడు.

"మూడు."

"తర్వాత?"

"రెండు. ఆ తర్వాత ఒకటి."

"రోజూ పొద్దున మీరు ముందు ఏ షెడ్డుకి వెళతారు?"

నేను బూట్ల వైపు చూశాను.

"వదినా."

"మూడో షెడ్డుకి. ఆయన పడిన చోట కాసేపు నిలబడతాను."

"తర్వాత?"

"రెండు. ఆ తర్వాత ఒకటి."

"నాలుగో దాంట్లోకి?"

"వెళ్ళను."

"నాలుగో దాంట్లో తెగులు ఉందా?"

"లేదు."

అతను ఇంకేం అడగలేదు. పాతికేళ్ళుగా నేను పిల్లల్ని ఇలాగే నడిపించాను. ఒక్కో చిన్న ప్రశ్నా వేస్తూ, జవాబు వాళ్ళ నోటితోనే చెప్పించేదాకా. అవతలివైపు నిలబడితే ఎలా ఉంటుందో అప్పటిదాకా నాకు తెలియదు. మా పంపుగది గోడ మీద ఆయన నా చాక్‌పీసుతో రాసిన వాక్యం ఇప్పటికీ ఉంది: బాగున్న షెడ్డు ముందు, జబ్బు షెడ్డు చివర, మధ్యలో కాళ్ళు ముంచు. ఆ గోడకి ఆనించి ఉన్న బూట్లు తొడుక్కుని, ఆ వాక్యం ముందు నుంచే నడిచి, రోజూ దానికి సరిగ్గా తలకిందులుగా చేశాను. ఆయన్ని వదల్లేక చేశాను. ఆయన మొక్కల్ని చంపింది అదే.

"మూడో షెడ్డుకి ఎలా వచ్చిందో నాకు తెలియదు" అన్నాడతను, తువ్వాలు మడతపెడుతూ. "మిగతా రెండింటికీ మోసింది ఈ బూట్లే."

సంచి అప్పటికి కింద పెట్టాను. "ఇందులో ఏముందో అడగరేం?"

"ఏముంది?"

"మాడిన మొక్కలు. మీ ట్యాంకులో వేయడానికి తెచ్చాను."

అతని మొహంలో రంగు పోయింది. ట్యాంకు వైపు చూశాడు, నిచ్చెన వైపు చూశాడు, మళ్ళీ నా వైపు చూశాడు. "ఇరవై వేల మొక్కలు వదినా. ఎల్లుండి ముప్ఫై ఇళ్ళవాళ్ళు వచ్చి తీసుకెళతారు. నా మీద కోపానికి వాళ్ళ నేలలో కూడా..."

"తెలుసు. అంతా ఆలోచించే తెచ్చాను."

"పిల్లలకి పాఠాలు చెప్పే మనిషి!"

"పాఠాలు చెప్పే మనిషి కాబట్టే ట్యాంకు దాకా ఆలోచించాను. లేకపోతే రాయి పట్టుకొచ్చేదాన్ని."

అతను నవ్వబోయి ఆగిపోయాడు. అతని తప్పు కాదని తెలిశాక నా కోపం పోవాలి. అది పోలేదు. దారి తప్పిన పశువులా తిరిగి ఇంటికి, నా దగ్గరికే వచ్చి నిలబడింది. పగ మోయడం సులువు, ఎవరి ఇంటికి తీసుకెళ్ళాలో తెలిసినంతకాలం.

"జరిగింది జరిగింది" అన్నాడు. "చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, కానీ పట్టుకోవాలి. మూడు షెడ్లలో మొక్కలన్నీ పీకండి. రాలిన ఆకు ఒక్కటి కూడా నేలలో కలపకండి, దూరంగా పెట్టి కాల్చేయండి. పాత దారాలు కూడా. కొయ్యలు, తట్టలు బ్లీచింగ్ నీళ్ళతో కడగాలి. పైమట్టి జానెడు లోతు తీసేసి, మిగిలిన నేలని బాగా తడిపి, పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీటు పరిచి అంచులు మట్టితో పూడ్చేయండి. నల్లది వద్దు, ఎండ లోపలికి దిగాలి. ఆరు వారాలు. షెడ్డు తలుపులు మూసేస్తే లోపల కుతకుతలాడిపోతుంది. తర్వాత కూడా రెండు పంటల కాలం టమాటా వేయకండి, వంకాయ, బంగాళాదుంప కూడా వద్దు. ఆకుకూరలు వేసుకోండి."

అతను చెప్పినవన్నీ సరైనవే. మట్టి పరీక్ష చేసినావిడ రాసిచ్చిన కాగితంలోనూ ఇవే ఉన్నాయి.

"ముందు ఈ బూట్లు కడగండి. నాలుగో షెడ్డు ఒక్కటైనా మిగుల్చుకోండి. ఇంకో పది రోజులే కదా."

ఒక ఖాళీ ట్రే పెట్టె బోర్లించి కూర్చోమన్నాడు. కూర్చున్నాను. బూట్లు విప్పితే ఉండచుట్టిన కాగితాలు బయట పడ్డాయి. ఒకదాని మీద నా ఎర్రసిరా కనిపిస్తోంది. అతను మొహం అటు తిప్పుకున్నాడు. "వేడినీళ్ళు, బ్రష్షు తెస్తాను" అంటూ లోపలికి వెళ్ళాడు.

కుడి బూటు ఒళ్ళో పెట్టుకున్నాను. నాలుగు నెలలు దాచుకున్న మట్టి. పైపైది ఎప్పుడో రాలిపోయి, మా షెడ్ల మట్టి కలిసిపోయి ఉంటుంది. మడమకీ పాదానికీ మధ్య, నేలకి తగలని గాడిలో మాత్రం ఆ రోజు ఎండినది ఎండినట్టే గట్టిగా ఉంది. ఒక పుల్ల తీసుకుని అంచున గుచ్చాను. పెంకులా మొత్తం ఒక్కసారే ఊడివచ్చింది. దాన్ని విరిచాను.

మట్టి మధ్యలో పసుపురంగు ప్లాస్టిక్ చీటీ ఉంది.

బొటనవేలంత. ఒక కొస విరిగింది. రెండో కొసన రంధ్రం, రంధ్రంలో మట్టి పట్టిన దారం ముక్క. వేలి గోరుతో మట్టి గీకాను. నర్సరీ ముద్ర కనిపించింది, వలయంలో రెండు ఆకులు. గేటు మీద, ట్రేల అంచుల మీద, అతను ఇందాక చేతులు తుడుచుకున్న తువ్వాలు మీద ఉన్న ముద్రే.

మా షెడ్లలో చీటీలు వాడం. ఆయనకి కావలసింది స్తంభాల మీద చాక్‌పీసుతో రాసుకునేవారు. ఈ చీటీ ఇవాళ నా కాలికి అంటుకున్నది కాదు, నాలుగు నెలల మట్టి దాన్ని కప్పి ఉంది. ఈ బూట్లకి అప్పటికి పదకొండు రోజుల వయసు. పదకొండు రోజుల బూట్లలో, రెండేళ్ళుగా తొక్కని గడప.

ఆయన బూట్ల మీద మట్టి ఎందుకుందని నేను ఒక్కసారైనా అడగలేదు. ప్రతి గుమ్మంలో ముంచే మనిషి ఆ రోజు ముంచకుండా మూడో షెడ్డులోకి ఎందుకు వెళ్ళారు? ఏం చూసి వచ్చారు? అడగవలసిన చోట నేను ఆ మట్టిని దాచుకున్నాను.

జాలీలోంచి ట్రేల వైపు చూశాను. ప్రతి ట్రే మూలలో పసుపు చీటీ గుచ్చి ఉంది. ఏ ఒక్కదానికీ దారం లేదు. వేలెడు నారుకి దారం ఎందుకు? దారం కట్టేది నిలువెత్తు పెరిగిన మొక్కకి.

అతను బకెట్టుతో వచ్చేసరికి చీటీ నా పిడికిట్లో ఉంది. బ్రష్షు అందుకుని బూటు రుద్దడం మొదలుపెట్టాను. నీళ్ళు నల్లబడ్డాయి. నేను అనుకున్నంత కష్టమనిపించలేదు.

"ఆయన చివరిసారి మీ దగ్గరికి ఎప్పుడొచ్చారు?" అన్నాను, తల ఎత్తకుండా.

"అదే బాధ వదినా. ఆ గొడవ తర్వాత ఈ గేటు దాటలేదు. రెండేళ్ళు. ఒక్కసారి వచ్చి ఉంటే కాళ్ళు పట్టుకునేవాణ్ణి."

"మీరు ఇక్కడ నారేనా, పెద్ద మొక్కలు కూడా పెంచుతారా?"

"నారు ఒక్కటే. మోకాలి ఎత్తు మొక్క నా దగ్గర ఒక్కటి చూపించండి, చెవి కోసిస్తాను."

రెండు ప్రశ్నలు, రెండు తప్పు జవాబులు. రెండూ తడబాటు లేకుండా చెప్పాడు. రాని జవాబు రాసే పిల్లవాడి అక్షరాలు వంకర పోతాయి. కాపీ కొట్టినవాడి దస్తూరీ చక్కగా ఉంటుంది.

నేను ఎడమ బూటు కూడా కడిగాను. తొందరపడలేదు. తొట్టిలో రెండింటినీ ముంచి తీశాను. "మీకు చాలా శ్రమ ఇచ్చాను" అన్నాను.

"ఎంతమాట వదినా. ఆ సంచి ఇలా ఇవ్వండి, నేను కాల్పిస్తాను."

"వద్దు. నేను తెచ్చుకున్నది నేనే తీసుకెళతాను."

ఒక చేతిలో తడిసిన బూట్లు, ఒక చేతిలో సంచి, పిడికిట్లో చీటీ. వట్టి కాళ్ళతో సిమెంటు దారి మీద నడిచాను. అతను గుమ్మంలోనే నిలబడి చూస్తున్నాడని వెనక్కి తిరగకుండానే తెలుస్తోంది. గేటు దాటాక, గోడ చాటున ఆగి, పిడికిలి తెరిచాను.

వేడినీళ్ళకి దారం మీది మట్టి పోయింది. ముడి తేటగా కనిపిస్తోంది. రెండు మెలికలు, ఎడమకి తిరిగినవి. కొస వెనక్కి వచ్చి ముడి కడుపులో దూరి ఉంది.

దాన్ని విప్పడానికి ప్రయత్నించాను. రాలేదు. ఆయనకీ ఎప్పుడూ రాలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. ఇంకో పది రోజులే కదా, అన్నాడతను. గింజకి ఎన్ని రోజులు పడుతుందో ఆ పొద్దున నేను చెప్పింది ఒక్కరికే, నేను ఇక్కడికి చేరేలోపే అది ఇతని చెవిన పడింది. పొద్దున నా నోటినుంచి అది విన్న మనిషే, ఈ గేటు దాటొద్దని నా మోచేయి పట్టుకుని బతిమాలింది. తొమ్మిదేళ్ళు మా ఇంటి టీ తాగింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతి నాకు తెలియదు. నా దగ్గర ముడి ఉంది.

గేటు దగ్గరనుంచి మా నాలుగు షెడ్లూ కనిపిస్తాయి. మూడింటి మీద ఎండ బోసిగా పడుతోంది. నాలుగో దాని తలుపు బార్లా తీసి ఉంది. గుమ్మంలో తట్టలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. పిన్ని వంగి, పై తట్టలో ఏదో సర్దుతోంది. ఇంత దూరం నుంచి కూడా ఆ ఎరుపు తెలుస్తోంది.

కడిగిన బూట్లు రోడ్డు పక్కన పెట్టాను. సంచి భుజాన వేసుకున్నాను. దాని మూతికి నేను వేసింది మామూలు ముడి. ఒక్క లాగుకి ఊడుతుంది.